నీడ గీసేవాళ్ళం

(మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం నల్లగొండలో ఒక ఆర్కిటెక్టు చేసిన ప్రసంగం. వచ్చినవాళ్ళలో సివిల్ విద్యార్థులు, మేస్త్రీలు, ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు ఉన్నారు. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడ మాత్రం సర్దాం.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు మీ ప్రాజెక్టుల ఫోటోలు చూపించండి సారూ అన్నారు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను కూడా. కానీ తెర మీద ఏమీ కనబడటం లేదు. ప్రొజెక్టర్ తప్పేం లేదు. అటు చూడండి, ఆ మూడు కిటికీలూ నేరుగా పడమరకు పెట్టారు. టైము ఐదయింది. ఎండ వచ్చి తెర మీద కూర్చుంది. ఈ హాలు ఎవరు కట్టారో గానీ, నా ప్రసంగంలో సగం ఆయనే చెప్పేశాడు. (నవ్వులు)

సరే, ఫోటోలు పక్కన పెడదాం. బోర్డుంది, చాక్‌పీసుంది, అవి చాలు.

మన దగ్గర కిటికీ ఏ దిక్కుకున్నా, దాని పైన ముందుకు వచ్చే సజ్జ రెండడుగులే. సెంట్రింగ్ వాళ్ళకు ఆ కొలత అలవాటు, మేస్త్రీకి ఆ కొలత నోటికొచ్చు, ఓనరుకు పక్కింటి సజ్జ ఎంతో తనదీ అంతే ఉండాలి. దక్షిణం కిటికీకి అది బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నం ఎండ పైనుంచి దిగుతుంది కాబట్టి సజ్జ అడ్డుకుంటుంది. పడమర సంగతి లెక్క వేసి చూద్దాం. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు నేలకు దాదాపు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు రెండడుగుల సజ్జ గోడ మీద వేసే నీడ అడుగున్నర కూడా రాదు. ఐదింటికి ముప్పావు అడుగు. కిటికీ ఎంత? నాలుగడుగులు. మిగతా ఎండంతా మీ మంచం మీదే. ఆ మంచాన్ని చల్లబరచడానికి ఏసీ కొంటాం, ఏసీ కోసం కిటికీ మూసేస్తాం. మరి ఆ కిటికీ పెట్టడం దేనికి?

ఉత్తరం గోడ ఏడాదంతా చల్లగా ఉంటుందని ఇంకో నమ్మకం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అటు చివర ఒక రోజు, ఇటు చివర ఒక రోజు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. సివిల్ పిల్లలు ఈ మేలో మేడ మీద ఒక కర్ర పాతి చూడండి. పుస్తకంలో చదివిందాని కంటే బాగా గుర్తుంటుంది.

ఈ ఊళ్ళో నిలబడి నీడ గురించి మాట్లాడుతూ పానగల్‌కు పోకుండా ఎట్లా? ఛాయా సోమేశ్వరాలయం మీరందరూ చూసే ఉంటారు. కుందూరు చోళుల కాలం నాటి గుడి. మధ్యలో మండపం, మూడు వైపులా మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దస్తమానం కదలకుండా ఉంటుంది. నన్ను చిన్నప్పుడు మా నాయన తీసుకొచ్చి చూపించాడు, దేవుడి మహిమ అన్నాడు. ఇంజినీరింగ్‌లో చేరాక మళ్ళీ వచ్చాను, ఈసారి బయట ఎండ ఎక్కడుందో చూస్తూ తిరిగాను. లోపలికి ఎండ నేరుగా రావటం లేదు. పక్కల నుంచి మండపంలోకి వెలుతురు వస్తుంది, అక్కడి నుంచి లోపలికి పోతుంది, దారిలో స్తంభాలు అడ్డొస్తాయి. అడ్డొచ్చిన మేర నీడ. సూర్యుడు తూర్పునున్నా పడమరనున్నా ఆ వెలుతురు వచ్చే దారి మారదు, అందుకే నీడ కదలదు. మా నాయనకు ఇదంతా చెబితే, "అదే కదరా మహిమ" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ఎవరో ఒక స్థపతి ఎండను పక్కన పెట్టి వెలుతురును మాత్రం లోపలికి పిలిచాడు. నేను ఇరవై ఏళ్ళుగా మూడు గదుల ఇంట్లో అదే చేయడానికి తంటాలు పడుతున్నాను.

మా ఆఫీసు మహబూబ్‌నగర్‌లో ఒక ఎరువుల దుకాణం పైన. యూరియా లారీ వచ్చిన రోజు మెట్లెక్కే దారి ఉండదు. మేం నలుగురం: నేను, ఇద్దరు జూనియర్లు, మా పెద్ద మేస్త్రీ. ఆయన ఆఫీసు మనిషి కాదు, జీతం లేదు, పని ఉన్నా లేకున్నా పొద్దున వచ్చి టీ తాగి గీసినవన్నీ చూసి వంకలు పెట్టి పోతాడు. పాలమూరు లేబర్ అని దేశమంతా అంటారే, ఆ గుంపుల్లో పన్నెండో ఏట ఇల్లు వదిలి డ్యాముల మీద, కాలువల మీద మట్టి మోసిన మనిషి. చదువు సంతకం దాకే. నేను గీసిన గీత చూసి ఎన్ని ఇటుకలు పడతాయో నోటితో చెప్పేస్తాడు.

ఆయన మాట వినక ఒకసారి దెబ్బతిన్నాను. అది చెప్పాలి. ఆఫీసు పెట్టిన రెండో ఏడు, జడ్చర్ల దగ్గర ఒక ఇల్లు. నాకప్పుడు జాలీల పిచ్చి. అలంపురంలో నవబ్రహ్మ గుళ్ళు చూసొచ్చాను. పేరుకు అన్నీ బ్రహ్మలే, లోపలున్నది మాత్రం శివుడు. బాదామి చాళుక్యుల కాలం నాటివి, 7, 8 శతాబ్దాల పని. ప్రదక్షిణ చేసే దారిలో రాతిని తొలిచిన కిటికీలుంటాయి, వాటిలోంచి పడే వెలుతురు చూసి నాకు మతి పోయింది. వెంటనే ఆ ఇంటికి పడకగది నైరుతి మూలన నిలువెత్తు ఇటుక జాలీ పెట్టాను. మేస్త్రీ వద్దన్నాడు. "సారూ, ఆషాఢం గాలి ఎటు కెళ్ళి వస్తదో ఎరికేనా?" అన్నాడు. డిజైన్ మీకేం తెలుసు అన్నట్టు చూశాను. జూన్‌లో మొదటి గాలివాన నైరుతి నుంచే వచ్చింది. నైరుతి రుతుపవనాలని చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిందే! రాత్రి రెండింటికి ఓనరు ఫోను. "సారూ, పరుపు మీద నీళ్ళు నిలబడ్డయి. మీరు వచ్చి పడుకోండి." తెల్లారి పోయి చూస్తే పరుపు, బీరువా, బీరువాలో పట్టుచీరలు అన్నీ తడిసినయి. నా ఖర్చుతో జాలీ లోపల తలుపులు పెట్టించాను. ఆ గుళ్ళల్లో జాలీకీ దేవుడికీ మధ్య ఒక నడవ ఉంది, తడిసినా అదే తడుస్తుంది. నేను నడవ వదిలేసి జాలీ మాత్రం తెచ్చుకున్నాను.

అప్పటి నుంచి ఏది చూసినా అది అక్కడ ఎందుకుందో మేస్త్రీని అడిగాకే గీస్తాను.

ఇప్పుడు చేతిలో ఉన్న పనుల గురించి. అన్నిటికంటే నాకు ఇష్టమైనది, అన్నిటికంటే డబ్బు తక్కువ వచ్చేది, గద్వాల అవతల ఒక ఊళ్ళో పాత మిద్దె రిపేరు. మీ వైపు గూనపెంకుల ఇళ్ళు ఎక్కువ, తుంగభద్ర వైపు పోతే మిద్దెలు. రెండడుగుల మందం రాయీ మట్టీ గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆకు, మట్టి, అన్నిటికీ పైన చౌడు. గదికి కిటికీలు ఉండవు, పైకప్పులో గవాచి, అంటే వెలుతురు కోసం వదిలిన కంత, ఉంటుంది. పగలు ఒక వెలుతురు ముక్క గది నేల మీద గడియారం ముల్లు లాగ నడుస్తుంది. ఆ ఇంటి పెద్దమ్మ దాన్ని చూసే అన్నానికి ఎసరు పెడుతుంది, గోడ గడియారం ఉంది గానీ దాంట్లో బ్యాటరీ లేదు.

చౌడు గురించి ఆగి చెప్పాలి. పంట పండని నేల చౌడు. తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, రైతుకు శాపం. దాన్నే తెచ్చి కప్పు మీద పోస్తారు, ఎందుకు? ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంక రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్ళు లోపలికి ఇంకవు, జారిపోతాయి. నీళ్ళు ఇంకకపోవడం వల్లే పొలంలో పంట రాదు, అందుకే మిద్దె కురవదు. ఒకటే గుణం, చోటు మారితే చాలు. ఏ వాటర్‌ఫ్రూఫింగ్ కంపెనీ వచ్చి చెప్పింది వీళ్ళకు?

మరి మిద్దెలు ఎందుకు కూలుతున్నాయి? ఏటా వానల ముందు కొత్త చౌడు పోస్తారు. పాతది తీయరు. తాత పోశాడు, నాయన పోశాడు, కొడుకు పోశాడు. మేం పోయేసరికి ఆ కప్పు మీద అడుగున్నర పైనే ఉంది. తడిసిన మట్టి బరువు తెలుసు కదా. దూలాలు వంగాయి, గోడలో దాక్కున్న కొసలు చెదలు తిన్నాయి. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో. పడగొట్టి స్లాబు వేద్దామన్నారు. ఆ పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నేను పోయినంక మీ ఇష్టం" అంది. ఆ ఒక్క మాట మీద మాకు పని దొరికింది.

మట్టంతా దింపాం. పదకొండు ట్రాక్టర్లు. ప్రతి బుట్ట దించుతుంటే ఇల్లు కొంచెం కొంచెం ఊపిరి తీసుకుంటున్నట్టు కిర్రుమన్నది. కొసలు పుచ్చిన దూలాలను ఏం చేద్దామని నేను లెక్కలు వేస్తుంటే, మేస్త్రీ తల ఎత్తకుండానే "ఊడ దించుదాం సారూ" అన్నాడు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూసినవాళ్ళకు అర్థమవుతుంది. 700 ఏళ్ళని చెప్పుకునే మర్రి. కొమ్మ బరువెక్కిన చోట ఊడ దిగుతుంది, నేలకు తాకి కొన్నాళ్ళకు స్తంభమవుతుంది. ఆ చెట్టుకే చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, అప్పుడు మేమంతా పోయి చూసొచ్చాం. సరే, మా దూలాలకు కూడా ఊడలు దించాం. పుచ్చిన కొస దగ్గర గోడకు ఆనించి ఒక్కో వేప స్తంభం, కింద రాతి దిమ్మె. దూలం మార్చలేదు, గోడ విప్పలేదు.

పైన మళ్ళీ చౌడే వేద్దామని నా కోరిక. ఏటా ఎవరు పోస్తారు అని కొడుకులు అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆరంగుళాల మట్టి వేసి, దాని మీద ఇటుక ముక్కలు, గానుగ సున్నం కలిపి పరిచాం. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ చెక్క బద్దెలతో కొట్టాలి. ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొడుతూ వెనక్కి జరుగుతుంటారు. మొదటి రోజు చప్పుడు దబ్బు దబ్బుమని మెత్తగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ గట్టిపడి చివరికి టంగుమంటుంది. ఆ చప్పుడు వినే ఆపేస్తారు. ఇన్ని రోజులు కొట్టాలని ఏ డ్రాయింగ్‌లోనూ రాయలేను. ఉన్నమాట చెబుతున్నా, స్లాబు కంటే ఖర్చు ఎక్కువే అయింది. కూలీ మీద పోయింది, సిమెంటు మీద పోలేదు. మొన్న ఎండలో మధ్యాహ్నం రెండింటికి ఫోను చేస్తే పెద్దమ్మ నిద్రలో ఉందన్నారు. ఫ్యాను లేదు.

మీకు స్ఫూర్తి ఎవరు అని విద్యార్థులు అడుగుతుంటారు. కాలేజీలో మాకు లె కార్బూజియె గీసిన చండీగఢ్ చూపించారు. నా మనసుకు ఎక్కింది మాత్రం లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు. ఇంగ్లండ్‌లో పుట్టి కేరళలో స్థిరపడి 2007లో పోయాడు. ఆయన వాడిన ర్యాట్ ట్రాప్ గోడ మీరు చదివే ఉంటారు. ఇటుకను పడుకోబెట్టకుండా నిలబెడితే తొమ్మిదంగుళాల గోడ మధ్యలో మూడంగుళాల సందు మిగులుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి, ఆ సందులో గాలి వేడిని ఆపుతుంది. మేం మొదలుపెడితే మా బట్టీ ఇటుకలు ఒకటి లావు, ఒకటి సన్నం. గోడ పాములా వచ్చింది. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి పైపు కోసం గాడి కొట్టాడు, సందు బయటపడింది. మేస్త్రీ దానికి డొల్ల గోడ అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇటుకలు ఏరి తీసుకుంటాం, పైపులు గోడ కట్టేటప్పుడే సందులో పెట్టేస్తాం. కేరళలో కుదిరింది కదా అని ఇక్కడ మొదటి రోజే కుదరదు.

పోచంపల్లి పక్కన ఒక నేత కుటుంబానికి ఇల్లు గీస్తున్నాం. వాళ్ళకున్నది గుంట మగ్గం. నేల మీద గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తారు, ఆ గుంట తేమ పడుగుకు అందుతుంది. గాలి ఎండితే పోగు తెగుతుంది. పైఅంతస్తులో గుంట తీయలేం, కింద గది మీద స్లాబు కాగితే దారం నిలవదు. అందుకని మగ్గం గది ఇంటి మధ్యలో, చుట్టూ మిగతా గదులు. ఉత్తరం గోడకు పైన పొడుగాటి కిటికీ. ఇందాక చెప్పానే, మే, జూన్‌లో ఎండ ఉత్తరం నుంచి కూడా వస్తుందని, అందుకే దానికీ సజ్జ పెట్టాం. నూలు మీద నేరుగా ఎండ పడితే రంగు పోతుందని ఆమె ముందే చెప్పింది. ఆమెకు ఆసు మిషన్ కూడా ఉంది, నేసే ముందు నూలు పోగును మేకుల చుట్టూ తిప్పి పోసేది. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ చేయి నొప్పి చూసి చేసిన మిషన్. చేత్తో పోస్తే ఒక చీరకు వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. మేం మొదట ఆ మిషన్‌కు చోటే వదల్లేదు, ఆమె ప్లాన్ కాగితం తిప్పి చూసి "ప్లగ్గు ఏది సారూ?" అని అడిగింది.

దేవరకొండ దారిలో ఒక రిటైర్డ్ టీచరు దంపతుల ఇల్లు నడుస్తోంది. ఇక్కడి బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పేదేముంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి, సంతోషం. పైపు పగిలిన రోజు మాత్రం మళ్ళీ బోరే కదా అన్నారు మాస్టారు. వాళ్ళ కప్పు వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు వానకు 93 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లే కురిసిందనుకోండి, అయిదో వంతు పోయినా 44 వేల లీటర్లు. ఇద్దరు మనుషులకు తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు వేసుకున్నా ఏడాదికి 7,300. పది వేల లీటర్ల తొట్టి చాలు. ఏడడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల పైచిలుకు లోతు. మొదటి వాన నీళ్ళు బయటికి వదలాలి, తొట్టిలోకి వెలుతురు గానీ దోమ గానీ పోకూడదు, అంతే. తొట్టి మూత మీదే ముందరి అరుగు కట్టాం. కింద నీళ్ళు, పైన పందిరి. మాస్టారు పొద్దున పేపరు అక్కడే చదువుతారు.

ఇందిరమ్మ ఇళ్ళవి రెండు చేశాం, ఫీజు తీసుకోలేదు. సర్కారు ఇచ్చేది అయిదు లక్షలు, ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగులు. అంత చిన్న ఇంట్లో డిజైన్ ఏముంటుంది అంటారు. మెట్లు, బాత్రూం పడమరకు పెట్టాం. ఎండ వాటిని దాటి లోపలికి రావాలి. మేడ మీద సున్నం తెల్లగా కొట్టించాం. అంతకు మించి డబ్బు లేదు. ఒకావిడ మాత్రం గట్టిగా పట్టుబట్టింది: "అరుగు లేకుంటే ఎక్కడ కూసుంటం?" లోపలి గది ఒక అడుగు తగ్గించి అరుగు కట్టాం.

ఆరయింది. ప్రశ్నలుంటే అడగండి.

(వెనక వరస నుంచి ఒక మహిళ: సారూ, మాది కట్టి అయిపోయింది. పడమర ముఖం. లోను ఇంక పదేండ్లుంది. ఇప్పుడు మేమేం చేయాలె?)

అమ్మా, మంచి ప్రశ్న. నేను ఇంతసేపు కట్టబోయేవాళ్ళకే చెప్పాను. మీ గోడకు ఎదురుగా ఎంత జాగా ఉంది?

(నాలుగడుగులు ఉంటది.)

చాలు. గోడకు మూడడుగుల దూరంలో నాలుగు రాతి కడీలు పాతించండి, పైనా నిలువునా ఇనప తీగ లాగి జాలీలాగ కట్టండి. సజ్జ ఇవ్వలేని నీడ నిలువుగా పెట్టాలి, పడమర ఎండ అడ్డంగా వస్తుంది కనుక. రేపే సొర, బీర విత్తనాలు పెట్టండి. బట్టలు ఉతికిన నీళ్ళు పోస్తే చాలు. మే నెలకు తీగంతా ఆకు కమ్ముతుంది. చలికాలానికి ఆకు ఎండిపోతే తీసేయండి, అప్పుడు ఎండ కావాలి కూడా. పక్కనే ఒక కానుగ మొక్క పెట్టండి, నాలుగైదేళ్ళకు తీగతో పని ఉండదు. మేస్త్రీ, మన బండిలో సొర విత్తనాల పొట్లం ఉంది కదా? తెచ్చి ఆమెకు ఇవ్వు. ఇంకెవరికైనా పడమర ముఖం ఇల్లుందా?

(చాలా చేతులు లేచాయి.)

అయ్యో, పొట్లం ఒకటే తెచ్చాను.